లస్కరు బాబాయి రిటైర్మెంటుకు చేత్తో కార్డు చేస్తున్నాం, సలహాలు చెప్పండి

శివారుచేను (రాజోలు వైపు), జూన్ 11, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది కాలవ చివరి ఊరు. గన్నవరం అక్విడెక్టు మీదుగా గోదావరి పాయ వైనతేయను దాటి వచ్చిన నీళ్లు, పై ఊళ్లన్నీ తడిసాక, ఆఖర్న మా చేలకు అందుతాయి. మా కాలవ చూసే లస్కరు ఈ నెల 30న రిటైరవుతున్నారు. ఊరంతా ఆయన్ని బాబాయి అనే పిలుస్తాం. 1985లో ఉద్యోగంలో చేరారు. నలభై ఏళ్లు ఇదే గట్టు మీద సైకిలు తొక్కారు.

దాళ్వాలో (రబీ పంటకు) నీళ్లు చాలక వంతులు పెట్టినప్పుడు మా వంతు అర్ధరాత్రి రెండింటికి వచ్చేది. ఆయన టార్చిలైటు వేసుకుని వెళ్లి షట్టరు ఎత్తి, తిరిగి వస్తూ మా గుమ్మం దగ్గర ఆగి "నీళ్లు వదిలానమ్మా, నాన్నని లేపు" అని కేకేసేవారు. చిన్నప్పుడు ఆ కేక వినకుండా నాకు దాళ్వా గడవలేదు.

శాలువా, దండ, ఫొటో ఫ్రేము సంగతి పెద్దవాళ్లు చూసుకుంటున్నారు. నా దగ్గరకు సాయంత్రాలు ట్యూషనుకు వచ్చే పిల్లలు పద్నాలుగు మంది. వాళ్లందరితో కలిసి ఒక పెద్ద కార్డు చేయించాలని ఉంది. బజార్లో కార్డులు చూశాను. అన్నిటి మీదా గులాబీలు, ఇంగ్లీషు మాటలు. బాబాయికి తెలుగు బాగా చదవడం వచ్చు. ఆయన చదవలేని కార్డు ఆయన చేతిలో ఎలా పెట్టను?

నిన్న మొదటిది ప్రయత్నించాం. తెల్ల చార్టు కాగితం మీద ఫెవికాల్ రాసి రంగు కాగితాలు అంటించాం. తెల్లారేసరికి వేయించిన అప్పడంలా లేచిపోయింది. ఏ కాగితం తీసుకోవాలి, ఏ జిగురు వాడాలి, ముఖ్యంగా లోపల ఏం రాయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

కాగితంపడవ (కాకినాడ), జూన్ 11, రాత్రి 10:05

చార్టు కాగితం పలచన. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. ఆ తడికి కాగితం ఒక పక్క ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుపోతుంది. పైగా మన గోదావరి జిల్లాల్లో జూన్ నెల గాలిలోనే చెమ్మ. స్టేషనరీ షాపులో 300 జీఎస్ఎం ఐవరీ షీటు (మందపాటి కాగితం) అని అడగండి. అందరూ కలిసి చేసేది కాబట్టి ఏ3 సైజు తీసుకుని మధ్యకు మడవండి, ఏ4 అంత కార్డు అవుతుంది. పెద్ద ముక్కలకు డబుల్ సైడ్ టేపు, చిన్నవాటికి గ్లూ స్టిక్కు వాడితే చాలు. ఫెవికాల్ తప్పదనుకుంటే అగ్గిపుల్ల కొసతో చుక్కలుగా పెట్టి, వెంటనే లావుపాటి పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి.

మడత విషయం చాలామంది పట్టించుకోరు. షీటును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వంచి చూడండి, ముందు పొడవు వైపు, తర్వాత అడ్డంగా. ఒక వైపు సులువుగా వంగుతుంది, ఇంకో వైపు మొరాయిస్తుంది. సులువుగా వంగిన వైపే మడత రావాలి. లేదంటే మడత మీద కాగితం చిట్లి గీతలు పడతాయి. స్టీలు స్కేలు పెట్టి, సిరా అయిపోయిన రీఫిల్‌తో గట్టిగా ఒక గీత గీసి, ఆ తర్వాత మడవండి.

గోదారి_అల (హైదరాబాదు), జూన్ 11, రాత్రి 11:40

మా నాన్నగారు కూడా ఇరిగేషన్ శాఖలోనే చేసి రిటైరయ్యారు. అందుకే ఈ పోస్టు చూసి ఆగిపోయాను. ముందు పేజీ మీద ధవళేశ్వరం వేస్తే ఎలా ఉంటుందండి? 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు. డెల్టాలో పనిచేసిన ఎవరికైనా అంతకన్నా గొప్ప బొమ్మ ఏముంటుంది? డ్రోన్ ఫొటోలు మంచివి ఉన్నాయి. కావాలంటే నేను రంగుల్లో ప్రింటు తీయించి పంపిస్తాను.

విశ్రాంత_మాస్టారు (భీమవరం), జూన్ 12, ఉదయం 5:50

అమ్మా, నేను లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను. మా రోజుల్లో బడిలో వేసేటప్పుడు చాలామందికి పుట్టినరోజు జూలై 1 అని రాసేసేవారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్లకు ముందు నెల ఆఖరు రోజే పదవీ విరమణ. అలా మా మండలంలో ఒకే జూన్ 30న ముగ్గురం దిగిపోయాం. ముగ్గురికీ ఒకే రకం మెమెంటోలు, ఒకే రకం సన్మాన పత్రాలు. నా పేరున్న చోట ఇంకొకరి పేరు పెట్టినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

నాకు పద్దెనిమిది శాలువాలు వచ్చాయి. రెండు ఉంచుకుని మిగతావి అవసరమున్నవాళ్లకు ఇచ్చేశాం. పూలదండలు మర్నాటికి వాడిపోయాయి. ఏడో తరగతి పిల్ల ఒకతి నోటుపుస్తకంలో కాగితం చింపి, మధ్యకు మడిచి ఇచ్చిన కార్డు మాత్రం నా బీరువాలో ఇప్పటికీ ఉంది. పైన సుద్దముక్క బొమ్మ. లోపల నాలుగు ముక్కలు: "మాస్టారూ, బోర్డు దగ్గరకు పిలిచినప్పుడు నాకు చేతులు వణికాయి. మీరు సుద్దముక్క విరిచి సగం నాకిచ్చి, సగం మీరు పట్టుకున్నారు. ఆ సగం నా జామెట్రీ బాక్సులో ఉంది." ఆ సంగతి నాకసలు గుర్తు లేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్ని సుద్దముక్కలు విరిచి ఉంటానో. ఆ పిల్లకు గుర్తుంది.

కాబట్టి పిల్లలకు "శుభాకాంక్షలు రాయండి" అని చెప్పకు. పద్నాలుగు మందీ అదే మాట పద్నాలుగుసార్లు రాస్తారు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి "లస్కరు తాతని నువ్వు చూసినప్పుడు ఆయన ఏం చేస్తున్నారు?" అని అడుగు. వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయించు. తప్పులుంటే దిద్దకు తల్లీ.

శివారుచేను, జూన్ 12, రాత్రి 8:45

మాస్టారూ, మీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

అల గారూ, మీ సాయానికి కృతజ్ఞతలు. కానీ ధవళేశ్వరం వద్దనిపిస్తోంది. బాబాయి ఆ 175 గేట్లలో ఒక్కటీ ఎత్తలేదు. ఆయనది మా ఊరి కాలవ మొగ దగ్గర ఉన్న ఒక్క చిన్న షట్టరు. పక్కన వేపచెట్టు, గోడ మీద తెల్లరంగు వేసిన గేజీ, దాని మీద నల్ల గీతలు. రోజూ పొద్దున్నే ఆ గీత చూసి నీటిమట్టం రాసి పంపేవారు. నలభై ఏళ్లు ఆయన కళ్లు చూసింది ఆ గీతల్నే. కార్డు మీద అదే ఉండాలి. షట్టరు నిజంగా పైకి లేచేలా చెయ్యవచ్చా? ఎత్తితే వెనక పిల్లల మాటలు కనిపించాలి.

కాగితంపడవ, జూన్ 12, రాత్రి 9:30

భేషుగ్గా చెయ్యవచ్చు. నేను కాగితం మీద గీసి చూసుకునే చెబుతున్నాను, కొలతలు రాసుకోండి.

మడిచిన కార్డు 29.7 సెంటీమీటర్ల ఎత్తు, 21 వెడల్పు ఉంటుంది. ముందు పేజీలో, అడుగు నుంచి 4 సెంటీమీటర్లు వదిలి, 10 ఎత్తు, 12 వెడల్పుతో కిటికీ కొయ్యండి. అంటే కిటికీ పై అంచు 14 దగ్గర వస్తుంది. షట్టరు ముక్క కిటికీ కన్నా కాస్త పెద్దది కావాలి, 11 ఎత్తు, 13 వెడల్పు. దాని నెత్తిన మధ్యలో 3 సెంటీమీటర్ల వెడల్పుతో 13 పొడవు పట్టీ ఒకటి వదలండి. షట్టరు, పట్టీ ఒకే ముక్కగా రావాలి, విడిగా అంటిస్తే లాగినప్పుడు ఊడుతుంది. ముందు పేజీ మీద, అడుగు నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా మూడున్నర సెంటీమీటర్ల చీలిక పెట్టి, పట్టీని అందులోంచి బయటకు తీయండి. లాగినప్పుడు షట్టరు భుజాలు ఆ చీలిక దగ్గర ఆగిపోతాయి, బయటకు ఊడిరాదు. కిటికీ కూడా సరిగ్గా పూర్తిగా తెరుచుకుంటుంది.

వెనక వైపు షట్టరుకు రెండు పక్కలా ఐవరీ షీటు పట్టీలు రెండేసి పొరలుగా అంటించండి. షట్టరు ఆ గాడిలో నడుస్తుంది. రెండు మిల్లీమీటర్ల వదులు ఉంచండి. ఆ పట్టీల మీద ఇంకో షీటు మూసేస్తే అదే పిల్లల మాటలు రాసే చోటు. బయటకు వచ్చే పట్టీకి బూడిద రంగు వేసి మరలు గీస్తే షట్టరు స్క్రూ రాడ్డులాగే కనిపిస్తుంది.

నరసాపురం_పిన్ని, జూన్ 13, మధ్యాహ్నం 2:15

మాది లేసు ఊరు. మా అత్తగారి దగ్గర నుంచి ఇంటిల్లిపాదీ అల్లకం పనే. మీ షట్టరు కింద నుంచి నీళ్లు దూకే చోట నురుగు ఉంటుంది కదమ్మా, అక్కడ తెల్ల లేసు పెట్టు. వేలెడు వెడల్పు, అంచుకు చిన్న చిన్న గోపురాలు ఉన్నది. అచ్చం నురుగే.

లేసును జిగురుతో అంటించవద్దు. కన్నాల్లోంచి జిగురు పైకి వచ్చి నాలుగు నెలలకు పసుపు మరకలు పడతాయి. థర్మాకోల్ ముక్క మీద కార్డు పెట్టి, అర సెంటీమీటరుకు ఒకటి చొప్పున సూదితో ముందే కన్నాలు పొడిచి, అదే తెల్ల దారంతో కుట్టు. లేసు నిలబడాలంటే గంజి పెట్టాలి. ఒక గ్లాసు నీళ్లలో చెంచాడు సగ్గుబియ్యం పిండి వేసి, తేటగా అయ్యేదాకా ఉడికించు. చల్లారాక లేసు ముంచి పిండి, ప్లాస్టిక్ కవరు పరిచిన పీట మీద సాగదీసి గుండుసూదులు గుచ్చు. ఎండ లేకపోయినా ఫ్యాను కింద పూటలో ఆరుతుంది.

మూరెడు లేసు నేనిస్తాను. మా అబ్బాయి పని మీద రోజూ పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి వస్తాడు. ఏ కొట్టులో ఇమ్మంటావో చెప్పు.

కడియం_మొక్కలు, జూన్ 13, సాయంత్రం 6:00

లోపల పేజీల్లో ఎండబెట్టిన పూలు పెట్టాలని ఉంటే కాగితం పూలు (బోగన్‌విల్లా) వాడండి, రంగు నిలుస్తుంది. మల్లె, జాజి వద్దు, గోధుమ రంగుకు తిరిగిపోతాయి. పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి పైన బరువు ఉంచాలి. ఈ చెమ్మలో మొదటి నాలుగు రోజులు రోజూ పేపరు మార్చకపోతే బూజు పడుతుంది.

అయితే నీళ్లు ఇచ్చిన మనిషికి నర్సరీ పూలకన్నా వరి నారు మంచిది కదా. ఈ రోజే పిల్లలతో పళ్లెంలో మట్టి పోసి, మొలకెత్తిన వడ్లు చల్లించండి. పది రోజుల్లో జానెడుకు తక్కువగా లేస్తాయి. వేళ్లతో సహా తీసి, కడిగి, తుడిచి పేపర్ల మధ్య పెట్టండి. సన్నటి ఆకులు కాబట్టి నాలుగైదు రోజుల్లో ఆరిపోతాయి. కట్టలకు అరటినార వాడండి. ముందు నీళ్లలో తడిపి కడితే తెగదు.

గోదారి_అల, జూన్ 14, రాత్రి 12:10

ధవళేశ్వరం గురించి మీరు చెప్పిందే సరైనది. పొద్దున మా నాన్నకు ఫోను చేసి ఈ సంగతి చెప్పాను. ఆయన గంటసేపు మాట్లాడారు. గేజీ మాట వినగానే "ఆ గేజీ మీద అడుగులకు బదులు సంవత్సరాలు వేయమను" అన్నారు. నలభై ఏళ్లు, ఏడాదికి అర సెంటీమీటరు చొప్పున 20 సెంటీమీటర్లు. మీ కార్డు ఎత్తులో సరిపోతుంది.

ఏయే ఏళ్ల దగ్గర పొడుగు గీత గీయాలో కూడా చెప్పారు. 1986 ఆగస్టు వరద, భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన ఏడాది. మీ బాబాయికి అది రెండో ఏడు. 1996 నవంబరు 6 తుపాను, కోనసీమలో కొబ్బరిచెట్లు పడిపోయిన రాత్రి. 2011, కోనసీమ రైతులు పంట వేయబోమని క్రాప్ హాలిడే ప్రకటించిన సార్వా (ఖరీఫ్). "కాలవలో నీళ్లు పారుతున్నా చేలు బీడుగా ఉన్నాయి. లస్కర్లకు అంత బాధ ఇంకెప్పుడూ కలగలేదు" అన్నారు నాన్న. 2022 జూలై వరద. ఇవి చాలట.

ఆయన రిటైరైనప్పుడు నేను వేరే ఊళ్లో ఉండి రాలేకపోయాను. కొరియర్‌లో ఒక గడియారం పంపాను. ఇప్పుడు ఆయనకు కూడా ఒక గేజీ కార్డు చేయబోతున్నాను.

శివారుచేను, జూన్ 15, రాత్రి 9:00

ఒక విషయం అడగాలి. కార్డు పైన ఏమని రాయాలి? "వీడ్కోలు" అంటే ఎక్కడికో పంపించేస్తున్నట్టు ఉంది. మా పక్కింటి అన్నయ్య "విశ్రాంత జీవిత శుభాకాంక్షలు" అని రాయమంటున్నాడు.

విశ్రాంత_మాస్టారు, జూన్ 16, ఉదయం 5:40

నా పేరులోనే ఆ మాట ఉంది కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటాను. రిటైరైన మొదటి నెల ఎవరు "విశ్రాంతి తీసుకోండి" అన్నా నాకు నచ్చేది కాదు. పొద్దున ఎనిమిదికి బడి గంట వినపడకపోతే కాళ్లు ఊరుకునేవి కావు. మీ బాబాయి కూడా గట్టు మీదకు వెళ్లకుండా ఉండలేడు. ఆయన చేసిన పనిని పేరు పెట్టి చెప్పు, చాలు. "మా శివారు చేలకు నలభై ఏళ్లు నీళ్లు అందించిన బాబాయికి" అని రాయి. కింద ఊరి పేరు.

కాగితంపడవ, జూన్ 16, ఉదయం 9:15

మాస్టారు చెప్పిన వాక్యం బాగుంది. తెలుగు అక్షరాలకు పైన తలకట్లు, గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసకూ వరుసకూ మధ్య ఇంగ్లీషుకు ఇచ్చే చోటుకన్నా రెట్టింపు వదలండి. ముందు పెన్సిలుతో తేలిగ్గా రాసి, స్కెచ్ పెన్నుతో దిద్ది, పూర్తిగా ఆరాకే రబ్బరు వాడండి. ఐవరీ షీటు నున్నగా ఉంటుంది, సిరా ఆరడానికి టైము పడుతుంది. పిల్లల మాటలు మాత్రం విడి చీటీల మీద రాయించి అంటించండి. ఒకరు పొరపాటు చేస్తే మొత్తం కార్డు మళ్లీ చేసుకోనక్కర్లేదు.

శివారుచేను, జూన్ 25, రాత్రి 10:30

చాలా పని అయింది. పిన్నిగారి లేసు పంటు దాటి వచ్చింది. నారు పేపర్ల మధ్య ఆరుతోంది, పద్నాలుగు మొక్కలు, పిల్లకొకటి.

పిల్లల మాటలు కొన్ని రాస్తాను. "నా చెప్పు కాలవలో కొట్టుకుపోతే తాత షట్టరు దగ్గర పట్టుకుని మా ఇంటికి తెచ్చి ఇచ్చాడు." "గుర్రపుడెక్క లాగుతుంటే తాత చేతికి జలగ పట్టింది. తాత ఏడవలేదు." "మా తాతయ్య చచ్చిపోయిన రోజు లస్కరు తాత మా చేనికి నీళ్లు పెట్టి వెళ్లాడు. మేము ఎవరం వెళ్లలేదు." ఈ మూడోది రాసిన పిల్లాడు నా దగ్గర మూడేళ్లుగా చదువుకుంటున్నాడు. ఆ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

ఒక చిక్కు మాత్రం ఉంది. షట్టరు మొదటి రోజు బాగానే నడిచింది. రెండు రోజులుగా ఒకటే వాన. ఇప్పుడు గాడిలో బిగుసుకుపోయి లాగితే వంగుతోంది. అయిదు రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

కాగితంపడవ, జూన్ 25, రాత్రి 10:50

కంగారు పడకండి. చెమ్మకు కాగితం ఉబ్బింది, అంతే. షట్టరు బయటకు తీసి రెండు పక్కల అంచులు ఒక మిల్లీమీటరు చొప్పున కొయ్యండి. షట్టరుకు రెండు వైపులా, గాడి లోపల కూడా తెల్ల కొవ్వొత్తి గట్టిగా రుద్దండి. చీలికను నాలుగు సెంటీమీటర్లకు పెంచండి. ఇచ్చేదాకా కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి.

శివారుచేను, జూలై 1, ఉదయం 7:30

నిన్న సాయంత్రం అయిపోయింది. సెక్షన్ ఆఫీసులో సన్మానం, ఆ తర్వాత అందరం కలిసి బాబాయిని ఇంటిదాకా దిగబెట్టాం. మెళ్లో దండలు ఉండగా కార్డు ఇవ్వవద్దని మాస్టారు నాకు విడిగా రాశారు. అందుకని జనం వెళ్లిపోయి, ఆయన కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాక పిల్లలు తెచ్చి ఇచ్చారు.

ముందు గేజీ చూశారు. బొటనవేలు 1985 దగ్గర పెట్టి నెమ్మదిగా పైకి జరిపారు. 1996 దగ్గర ఆగి "ఆ రాత్రి ఈ వేపచెట్టును పట్టుకునే ఉన్నాను" అన్నారు. ఆ సంగతి పిన్నమ్మకు కూడా తెలియదట. ఆవిడ వంటింట్లోంచి బయటకు వచ్చి నిలబడింది.

పిల్లలు "షట్టరు లాగు తాతా" అన్నారు. రెండు వేళ్లతో పట్టీ పట్టుకుని అంగుళం ఎత్తి ఆగారు. బిగుసుకుందేమోనని నాకు గుండె ఝల్లుమంది. అది కాదు. "ఒక్కసారే ఎత్తెయ్యకూడదురా, గట్టు కోసుకుపోతుంది" అని పిల్లలకు చెప్పి, మళ్లీ అంగుళం, మళ్లీ అంగుళం లాగారు. నురుగు కనిపించింది, తర్వాత నారు, ఆ తర్వాత చీటీలు. ఒక్కో చీటీ పైకి చదివి, రాసినవాళ్ల పేరు చూసి, ఆ పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. పద్నాలుగు చీటీలు అయ్యేసరికి అరుగు నిండిపోయింది.

వెళ్లేటప్పుడు నన్ను ఆపి, "మీ చేనికి నిన్న నీళ్లు ఎక్కాయా?" అని అడిగారు. ఎక్కాయని చెప్పాను.

నరసాపురం_పిన్ని, జూలై 1, ఉదయం 8:10

చల్లగా ఉండండమ్మా. లేసు మాసిపోతే ఊడదీసి ఉతుక్కోవచ్చు, కుట్టే కదా. మళ్లీ గంజి పెట్టి కుట్టెయ్యి.

గోదారి_అల, జూలై 1, ఉదయం 9:45

ఆదివారం ఊరు వెళుతున్నాను. షీట్లు, స్కేలు, కొవ్వొత్తి కొన్నాను. కాగితంపడవ గారూ, కిటికీ కింద 4 సెంటీమీటర్లే వదలాలా? మా నాన్న షట్టరుకు కింద మెట్లు కూడా ఉండేవి. అవి గీయడానికి చోటు కావాలి.

కాగితంపడవ, జూలై 1, ఉదయం 10:20

5 వదలండి. చీలికను కూడా ఒక సెంటీమీటరు పైకి జరిపి 26 దగ్గర పెట్టండి. మిగతావన్నీ అవే కొలతలు.